అరవై సెంటీమీటర్ల చాకిరేవు

ఐరోపా నగరాల్లో బట్టలుతికే యంత్రానికంటూ వేరే గది ఉండడం అరుదు. బ్రిటన్‌లో అది సాధారణంగా వంటింటి గట్టు కింద, గిన్నెల అలమరా పక్కనే ఉంటుంది. ఫ్రాన్స్‌, జర్మనీల ఫ్లాట్లలో స్నానాలగది మూలలోనూ కనిపిస్తుంది. స్వీడన్‌, స్విట్జర్లాండ్‌ల పాత భవనాల్లో అయితే అందరికీ కలిపి కింది అంతస్తులో ఒక ఉమ్మడి ఉతుకుడు గది ఉండి, ఎవరి వంతు ఎప్పుడో ముందే నమోదవుతుంది. వంటింటి అలమరాల వెడల్పు 60 సెంటీమీటర్లకు స్థిరపడడంతో వాషింగ్ మెషీన్ కూడా ఆ కొలతకే ఒదిగి, 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 సెంటీమీటర్ల ఎత్తుతో, ముందు నుంచి బట్టలు వేసే ఫ్రంట్ లోడ్ రూపం తీసుకుంది. అమెరికాలో మామూలు యంత్రం 27 అంగుళాలు, అంటే దాదాపు 69 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి, ఐరోపా గృహిణికి పూర్తి పరిమాణమైనదే అక్కడి దుకాణంలో చిన్న యంత్రాల వరుసలో నిలబడుతుంది. భారతదేశంలో దొరికే ఫ్రంట్ లోడ్ యంత్రాలు చాలావరకు 60 సెంటీమీటర్లవే కనుక, హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లలోని అనేక కుటుంబాలు ఈ పద్ధతికి ఇదివరకే అలవాటుపడ్డాయి. కొత్తగా ఆలోచించవలసింది డ్రయర్ గురించే.

కొనుగోలుదారుల దృష్టి సహజంగా ప్రోగ్రాముల సంఖ్య మీదికి, ఫోన్‌తో నడిపే సదుపాయం మీదికి పోతుంది గానీ, ఈ జంట యంత్రాల మంచిచెడ్డలు నిజానికి రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటాయి: ఉతికే యంత్రం బట్టల్లో ఎంత నీరు మిగులుస్తుంది, ఆ మిగిలిన నీటిని డ్రయర్ ఎక్కడికి పంపుతుంది?

మొదటి ప్రశ్నకు జవాబు స్పిన్ వేగంలో, అంటే బట్టలను పిండడానికి డ్రమ్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న దానిలో ఉంది. పిండే బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 48 సెంటీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ 800 చుట్లతో తిరిగితే దాని గోడకు అంటుకున్న బట్ట మీద భూమ్యాకర్షణకు సుమారు 170 రెట్లు, 1,400 చుట్లతో తిరిగితే 500 రెట్లకు పైగా బలం పడుతుంది. ఐరోపా ఎనర్జీ లేబుల్ మీద ఈ సామర్థ్యానికి విడిగా ఒక అక్షరం ఉంటుంది: పొడి బట్ట బరువుతో పోల్చినప్పుడు మిగిలే నీరు 54 శాతం లోపు ఉంటే బి తరగతి, 63 శాతం లోపు ఉంటే సి తరగతి. అయిదు కిలోల నూలు బట్టల్లో ఈ రెండు హద్దుల మధ్య తేడా దాదాపు అరలీటరు నీరు. కిలో నీటిని ఆవిరి చేయడానికి, నష్టాలేవీ లేకపోయినా, 0.63 యూనిట్ల కరెంటుకు సమానమైన ఉష్ణం కావాలి. అదే నీటిని తిప్పి పిండేయడానికి మోటారుకు పట్టే కరెంటు అందులో చాలా చిన్న భాగం. కాబట్టి డ్రయర్ ఖర్చును తగ్గించే మొదటి సాధనం డ్రయర్‌లో లేదు, దాని కింద ఉన్న వాషింగ్ మెషీన్‌లో ఉంది. 1,400 చుట్లు దాటిన తరువాత అదనంగా పోయే నీరు స్వల్పం, పడే ముడతలూ కుదుపూ ఎక్కువ. 1,600 చుట్ల మోడల్ కోసం అదనపు సొమ్ము పెట్టడం ఎక్కువమందికి వృథా.

ఆవిరి ఎటు పోవాలి?

పాత పద్ధతి డ్రయర్ గదిలోని గాలిని వేడిచేసి, బట్టల గుండా పోనిచ్చి, ఆ తడిగాలిని గోడకు పెట్టిన సుమారు 10 సెంటీమీటర్ల గొట్టం ద్వారా బయటికి వదిలేస్తుంది. అద్దె ఇంట్లో గోడకు కన్నం వేయనిచ్చే యజమాని దొరకడం ఏ దేశంలోనైనా కష్టమే. రెండవది కండెన్సర్ డ్రయర్. ఇది తడిగాలిని గది గాలితో చల్లార్చి, ఆవిరిని నీటిగా మార్చి తొట్టెలో పడుతుంది. గొట్టం అక్కర్లేదు గాని, హీటర్‌కు పెట్టిన కరెంటంతా చివరికి గదిలోనే వేడిగా తేలుతుంది, చలిదేశంలో అదొక లాభం, చిన్న మూసిన గదిలో అదే ఉక్కపోత. మూడవది హీట్ పంప్ డ్రయర్. ఏసీలో ఉండే కంప్రెసర్, శీతలీకరణ వాయువు ఇందులోనూ ఉంటాయి: చల్లని తీగచుట్ట దగ్గర తడిగాలిలోని ఆవిరి నీరైపోతుంది, అప్పుడు చేతికొచ్చిన ఉష్ణాన్నే వేడి తీగచుట్ట దగ్గర అదే గాలికి తిరిగి ఇస్తారు. ఒకసారి కొన్న వేడిని మళ్లీమళ్లీ వాడుకోవడమే ఇందులోని కిటుకు. ఏటా 160 సార్లు వాడతారన్న అంచనాతో లెక్కకట్టిన పాత ఐరోపా లేబుళ్లలో 8 కిలోల కండెన్సర్ డ్రయర్‌కు సుమారు 560 యూనిట్లు ఉంటే, మంచి హీట్ పంప్ డ్రయర్‌కు 235 దగ్గర ఉండేది. స్విట్జర్లాండ్ 2012లో విధించిన కరెంటు పరిమితిని హీట్ పంప్ ఉన్నవే అందుకోగలిగాయి. ఐరోపా సమాఖ్య కూడా 2025 జులై 1 నుంచి కొత్తగా మార్కెట్లోకి వచ్చే డ్రయర్ల విషయంలో ఆచరణలో అదే స్థితికి చేరింది.

హీట్ పంప్ డ్రయర్‌కు లోపాలు లేకపోలేదు. గాలి వేడి తక్కువ కనుక బట్ట మన్నుతుంది, కానీ సమయం ఎక్కువ పడుతుంది. నూగు పట్టే జల్లెడను ప్రతిసారీ శుభ్రం చేయకపోతే ఆ నూగు లోపలి తీగచుట్ట రెక్కల్లో చేరి యంత్రాన్ని మందగింపజేస్తుంది. బాగా చల్లని గ్యారేజీలో ఈ డ్రయర్ సరిగా పనిచేయదు. అయినా గొట్టానికి చోటులేని ఫ్లాట్‌లో డ్రయర్ కొనదలచినవారికి ఇక తర్జనభర్జన అనవసరం.

ఉతకడం, ఆరబెట్టడం ఒకే డ్రమ్‌లో చేసే జంటపని యంత్రం చోటును సగానికి తగ్గిస్తుందని ఆకర్షిస్తుంది. ఆరేటప్పుడు బట్టలు విడివిడిగా ఎగిరిపడడానికి ఖాళీ కావాలి కాబట్టి, 9 కిలోలు ఉతికే యంత్రం సాధారణంగా 5, 6 కిలోలే ఆరబెట్టగలదు; పూర్తిగా నింపి ఉతికితే సగం తీసి పక్కన పెట్టాల్సిందే, మొదటి విడత ఆరేదాకా రెండో విడత ఉతకడానికి వీలుండదు. పైగా వీటిలో చాలా మోడళ్లు ఆవిరిని చల్లార్చడానికి కుళాయి నీటినే వాడతాయి. ఒంటరిగా ఉండేవారికి తప్ప సంసారానికి ఇది పనికొచ్చే బేరం కాదు.

మూడు గంటల ఉతుకు

అమెరికన్ టాప్ లోడ్ యంత్రంలో ముప్పావుగంటలో ముగిసే పనికి ఐరోపా యంత్రం మూడు గంటలకు పైగా తీసుకోవడం కొత్తవారికి లోపంగా తోస్తుంది. జర్మనీలోని హెంకెల్ సంస్థ రసాయన శాస్త్రవేత్త హెర్బర్ట్ సిన్నర్ 1959లో దీనికి వివరణ ఇచ్చాడు: మురికి వదిలేది రసాయనం, వేడి, రాపిడి, సమయం అనే నాలుగింటి వల్ల కనుక, ఒకటి తగ్గితే ఆ లోటును మిగతావి పూడ్చాలి. 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న ఐరోపా లేబుల్‌కు ఆధారమైన ఎకో 40–60 ప్రోగ్రామ్ నీటినీ వేడినీ తగ్గించి, ఆ లోటును సమయంతో భర్తీ చేస్తుంది. నీళ్లు వేడిచేయడానికే కరెంటు ఎక్కువగా ఖర్చయ్యే యంత్రంలో ఈ నిదానం సోమరితనం కాదు.

తెలుగు ఇళ్లకు వచ్చేసరికి కొలతల కన్నా నీళ్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. యంత్రంలోకి నీరు రావడానికి చాలా మోడళ్లకు 0.5 బార్ పీడనమైనా కావాలి, అంటే నీటిమట్టం కుళాయికి అయిదు మీటర్ల పైన ఉండాలి; మిద్దె మీది ట్యాంకుకు నేరుగా కింద ఉన్న పై అంతస్తు ఫ్లాటుకు ఆ ఎత్తు దొరకదు గనుక ప్రెషర్ పంపు తప్పదు. బోరు నీటిలోని సున్నం హీటర్‌కు పొరగా పేరుకుంటుంది కాబట్టి, పొర విప్పే పొడితో అప్పుడప్పుడూ ఖాళీ డ్రమ్‌ను వేడినీటి ప్రోగ్రామ్‌లో నడపాలి. పట్టుచీరలకు ఈ డ్రయర్‌లో స్థానం లేదు. నూలుచీర వేసినా అది తాడులా మెలిపడి, మిగతా బట్టల్ని తనలో చుట్టేసుకుని, లోపల తడి మిగుల్చుతుంది. ఎండ పడే బాల్కనీ ఉన్న ఇంట్లో, 1,400 చుట్లతో పిండిన బట్టలకు వానాకాలంలో తప్ప డ్రయర్ అవసరం దాదాపు రాదు.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి వేరే చిక్కు ఉంది. అక్కడి ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులది. ఐరోపా తరహా చిన్న యంత్రాలు కొన్నింటికి 240 వోల్టులు కావాలి కాబట్టి, వాషింగ్ మెషీన్‌ను డ్రయర్ వెనకనున్న ప్లగ్గుకు తగిలించేలా చేశారు, అందువల్ల రెండూ ఒకే కంపెనీవి కొనక తప్పదు. అక్కడి 60 హెర్ట్జ్ యంత్రాన్ని సామానుతో పాటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ఉన్న స్వదేశానికి తెచ్చుకోవడం తెలివైన పని కాదు.

ఒకదానిపై ఒకటి పెట్టేటప్పుడు, కుదుపును అణచే బరువు దిమ్మలున్న వాషింగ్ మెషీన్ ఎప్పుడూ కిందే ఉండాలి, మధ్యలో ఆ మోడళ్లకు సరిపడే స్టాకింగ్ కిట్ బిగించాలి. రవాణాలో డ్రమ్ కదలకుండా వెనక బిగించిన బోల్టులను మొదటి ఉతుకుకు ముందే తీసేయాలి; తీయకుండా స్పిన్ చేస్తే యంత్రం గదంతా నడుస్తుంది, లోపలి భాగాలు దెబ్బతింటాయి. ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాల్సి ఉంటుంది కాబట్టి ఆ బోల్టులను పారేయకూడదు.