ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు ఉపశమన చికిత్స – పోషకాహార ఆవశ్యకత

మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అధిక శాతం రోగులలో ముదిరిన దశలోనే బయటపడుతోంది. తగ్గని దగ్గును క్షయగా భావించి మందులు వాడుతూ కాలయాపన చేయడం ఇందుకు ఒక కారణం. వ్యాధి పూర్తిగా నయం కాని దశలోనూ రోగి బాధను తగ్గించడం సాధ్యమే. దీనినే ఉపశమన చికిత్స (పాలియేటివ్ కేర్) అంటారు.

ఈ చికిత్స అంత్యదశకే పరిమితమన్న అభిప్రాయం సరైనది కాదు. అమెరికాలోని బోస్టన్‌లో వ్యాధి ఇతర అవయవాలకు వ్యాపించిన 151 మంది రోగులపై జరిపిన అధ్యయనం 2010లో వెలువడింది. సాధారణ చికిత్సతోపాటు మొదటి నుంచే ఉపశమన చికిత్స పొందినవారి మధ్యస్థ జీవితకాలం 11.6 నెలలు కాగా, మిగిలినవారిది 8.9 నెలలుగా నమోదైంది. మానసిక కుంగుబాటు సైతం వారిలో తక్కువగా కనిపించింది.

ఆయాసం, నొప్పి, దగ్గు, నీరసం, ఆకలి మందగించడం ఈ రోగులలో ప్రధాన లక్షణాలు. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిని తీసివేస్తే ఆయాసం తగ్గుతుంది. రోగిని ముందుకు వాలి కూర్చోబెట్టడం, ముఖానికి ఫ్యాను గాలి తగిలేలా చూడటం కూడా ఉపకరిస్తాయి. తీవ్రమైన నొప్పికి, ఇతర మార్గాలతో తగ్గని ఆయాసానికి వైద్యులు తగిన మోతాదులో మార్ఫిన్ ఇస్తారు. వైద్యుని పర్యవేక్షణలో వాడినపుడు ఇది వ్యసనంగా మారుతుందన్న భయం చాలావరకు నిరాధారం. అయితే మార్ఫిన్ వల్ల మలబద్ధకం కలుగుతుంది కనుక, దాని నివారణకు తొలిరోజు నుంచే మందు వాడవలసి ఉంటుంది. మాదకద్రవ్యాల చట్టానికి 2014లో జరిగిన సవరణతో, రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వేర్వేరు లైసెన్సుల అవసరం లేకుండా మార్ఫిన్‌ను నిల్వ చేసి రోగులకు అందించే వీలు కలిగింది.

పథ్యం పేరిట గుడ్డు, పెరుగు, మాంసం మాన్పించడం రోగిని మరింత బలహీనపరుస్తుంది. శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 25 నుంచి 30 కిలోకేలరీల శక్తి, 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అంటే 50 కిలోల బరువున్న రోగికి 1,250 నుంచి 1,500 కిలోకేలరీలు, 50 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ఒకేసారి ఎక్కువగా తినలేని రోగికి రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పాలు కలిపిన రాగిజావ, ముద్దపప్పు, నెయ్యి వేసిన మెత్తని అన్నం, ఉడికించిన గుడ్డు, వేరుశనగపప్పు పొడి ఇవ్వవచ్చు. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా మేరకు ఆహారంలో మార్పులు చేసుకోవాలి. అంత్యదశలో ఆకలి సహజంగానే సన్నగిల్లుతుంది. ఆ దశలో బలవంతంగా తినిపించరాదు. పెదవులు, నోరు తడిగా ఉంచితే రోగికి హాయి కలుగుతుంది.

హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో 2006లో ఉపశమన చికిత్సా సేవలు ప్రారంభమయ్యాయి. కేంద్ర ప్రభుత్వం 2012లో ఇందుకై జాతీయ కార్యక్రమాన్ని రూపొందించింది. వ్యాధి నిర్ధారణ అయిన వెంటనే రోగిని ఈ సేవలకు పంపడం వైద్యుల బాధ్యత కాగా, బాధను మౌనంగా భరించనవసరం లేదని ప్రజలకు తెలియజెప్పడం అందరి కర్తవ్యం.