ఆ మూడు మార్కులు ఎక్కడ పోయాయి?

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజున మా వీధిలో ఎవరూ ఎవరినీ కుశలప్రశ్నలు వెయ్యరు. "బాగున్నారా?" అనవలసిన చోట "ఎన్నొచ్చాయి?" అంటారు. ఎవరికి, ఏమిటి అని వివరించనక్కరలేదు. ఆ యేడు పదో తరగతి పిల్లలు లేని ఇల్లైనా సరే, మేనకోడలి పేరో ఆడపడుచు కొడుకు పేరో చెప్పి ఒక అంకె వినిపించవలసిందే. అంకె పెద్దదైతే మిఠాయి, చిన్నదైతే నిట్టూర్పు, మధ్యరకందైతే "ఫరవాలేదు లెండి, ఇంటర్లో చూసుకోవచ్చు" అనే ఓదార్పు.

నేను ముప్ఫైయేళ్ళ పైచిలుకు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. ఉండేది రాజమండ్రిలో. (రాజమహేంద్రవరం అనాలని తెలుసును; నోరు తిరగదు.) లెక్కల టీచరును కాబట్టి అంకెలంటే నాకు గౌరవమే. కాని మార్కు అనే అంకె ఎలా పుడుతుందో దగ్గరుండి చూసినదాన్ని గనుక, దానిమీద ఎంత బరువు పెట్టవచ్చునో కాస్త చెప్పాలని ఉన్నది.

నేను పదో తరగతి పరీక్ష రాసింది 1975లో. అప్పుడు ఫలితాలు దినపత్రికలో పడేవి. మార్కులు కావు, ఉత్త నంబర్లు. ఫస్టు క్లాసు వారివి ఒక చోట, సెకండు క్లాసు వారివి ఒక చోట, తరువాత మిగిలినవారివి. మా నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని, వేలుపెట్టి వరసగా చూసుకుంటూ పోయి, ఒకచోట ఆపి "ఉంది" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో పండుగ అయిపోయింది. మార్కుల జాబితా బడికి వచ్చేసరికి చాలా రోజులు పట్టేది. అప్పటికి గర్వపడవలసినవారంతా గర్వపడడం పూర్తయిపోయేది. "ప్యాసయిందట" అన్నది ఆ రోజుల్లో పూర్తి వాక్యం.

ఆ కాలమంతా బంగారమని నేననడం లేదు సుమండీ! నంబరు కనపడని ఇళ్ళలో ఏం జరిగేదో నాకు తెలుసు. మగపిల్లవాడు తప్పితే వీపు విమానం మోత; ఆడపిల్ల తప్పితే చదువు అక్కడితో సరి, ఆపైన పెళ్ళిచూపులే. కాని ప్యాసయిన పిల్లను కూర్చోబెట్టి "ఇంకో మూడు ఎందుకు రాలేదే?" అని అడిగిన తల్లిని ఆ రోజుల్లో నేను చూడలేదు.

ఇప్పుడు వేలుపెట్టి వెతుక్కునే పని లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ఫలితాలు వాట్సాప్‌లోనే తీసుకున్నారు. పది నిమిషాలు తిరక్కుండా మార్కుల మెమో బొమ్మ హైదరాబాదు పెద్దమ్మ ఫోనులోనూ, అమెరికా బాబాయి ఫోనులోనూ ఉంటుంది. పిల్ల ఇంకా ముఖం కడుక్కోకముందే ఆవిడకు సోషల్లో ఎన్నొచ్చాయో డల్లాసుకు తెలిసిపోతుంది.

ఈ పోటీని తగ్గించాలని ప్రయత్నం జరగకపోలేదు. 2012 నుంచి పదో తరగతికి మార్కులు మానేసి గ్రేడ్లు ఇచ్చారు. పైమెట్టున ఉన్న పిల్లల మధ్య ఏడెనిమిది మార్కుల తేడా ఉన్నా అందరికీ ఒకటే గ్రేడు. మంచి ఆలోచనే. కాని మనవాళ్ళు దానికీ విరుగుడు కనిపెట్టారు. పదికి పది పాయింట్లు రాకపోతే ఏమీ రానట్టే! 9.8 వచ్చిన కుర్రవాడి తల్లి మా వరండాలో కూర్చుని కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. 2020లోనూ 2021లోనూ కరోనా మూలంగా పరీక్షలు రద్దయి అందరూ ప్యాసయ్యారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ మార్కులు వచ్చాయి. తెలంగాణలో 2025లో వచ్చాయి. ఆ 2022లోనే, బడులు ర్యాంకులు చాటుకుంటూ ప్రకటనలు వేసుకోరాదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అయినా మా వీధి మలుపులో ఒక ఫ్లెక్సీ లేచింది. కట్టింది బడివారు కాదు, ఆ అమ్మాయి మేనమామలు. మేనమామల మీద చట్టం ఏం చేస్తుంది?

2024లో ఏలూరు అమ్మాయి ఒకతెకు 600కి 599 వచ్చాయి. ఆ ఒక్కటీ హిందీలో పోయింది. మా ఎదురింటాయన పేపరు మడిచి, "అయ్యో, ఆ ఒక్కటీ ఎక్కడ పోగొట్టుకున్నదో పాపం!" అన్నారు. మరుసటి యేడు కాకినాడ అమ్మాయికి 600కి 600 వచ్చాయి. ఆయన చాలాసేపు ఆలోచించి, "మరి ఇక వచ్చే యేడు వాళ్ళు ఏం చేస్తారండీ?" అన్నారు.

సరే, మార్కు పుట్టుక సంగతి. ఏప్రిల్ మొదట్లో జిల్లా కేంద్రంలో ఏదో పెద్ద బడిలో 'స్పాట్' జరుగుతుంది. టీచర్లం క్యారియర్లు కట్టుకుని పోతాం. జవాబు పత్రం మీద పిల్లల పేరుండదు, బడి పేరుండదు. మనిషికి రోజుకు 40 పేపర్లు. టీ, భోజనం పోనిస్తే ఒక్కోదానికి పదినిమిషాలు పడుతుంది. మేం దిద్దినవాటిలో కొన్ని చీఫ్ ఎగ్జామినరు మళ్ళీ చూస్తారు. కూడికలు సరిచూడడానికి వేరే మనుషులుంటారు. శ్రద్ధగానే చేస్తారు. కాని వడగాలిలో మూడో పేపరు దిద్దిన మనిషీ, ముప్ఫై ఎనిమిదో పేపరు దిద్దే మనిషీ ఒక్కరే అని నేను ప్రమాణం చేసి చెప్పలేను. లెక్కల్లో కొంత నయం. జవాబు తప్పినా మెట్టుమెట్టుకూ మార్కున్నది. భాషల్లో అలా కాదు. ఒక లేఖకు నేను నాలుగు వేస్తే పక్క కుర్చీలో ఆవిడ మూడు వేస్తుంది. ఇద్దరమూ న్యాయంగానే వేశాం.

చెప్పొచ్చేదేమంటే, 35కీ 95కీ ఉన్న తేడా పిల్లవాడిది. 93కీ 96కీ ఉన్న తేడాలో పిల్లవాడి వాటా ఎంతో, ఏప్రిల్ ఎండ వాటా ఎంతో ఎవరు చెప్పగలరు?

ఒక్కోసారి చిన్న తేడాలతో పోదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పిల్లలు మళ్ళీ దిద్దమని 60 వేలకు పైగా జవాబు పత్రాలకు అర్జీ పెట్టుకుంటే, 11 వేలకు పైగా పత్రాలలో మార్కులు మారాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పుడు 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయి మెమోలో తెలుగుకు సున్న పడింది. తప్పినవారు మూడు లక్షలకు పైబడ్డారు. వారందరి పత్రాలూ ప్రభుత్వం ఉచితంగా మళ్ళీ చూపిస్తే, వెయ్యిమందికి పైగా ప్యాసయినట్టు తేలింది. కాని ఆ తేలేలోపల కొన్ని ఇళ్ళలో పిల్లలే లేకుండా పోయారు. దాన్ని గురించి ఇంతకన్న రాయడానికి నాకు చెయ్యి ఆడదు.

మా వెనకింటి అమ్మాయి పరీక్ష రాసింది 2024లోనే. లెక్కల్లో 100, సైన్సులో 99, సోషల్లో 99, తెలుగులో 98, హిందీలో 98, ఇంగ్లీషులో 93. మొత్తం 587. నేను నాలుగు జామపళ్ళు పట్టుకుని అభినందించడానికి వెడితే వీధి తలుపు దగ్గరగా వేసి ఉన్నది. లోపల ఫ్రిజ్ మీద ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు ఆరు, కట్టు విప్పకుండా. అవి ముందురోజే తెప్పించారట. పంచలేదు.

"587కి ఏం పంచుతాం టీచరుగారూ?" అన్నది తల్లి.

సంగతేమంటే, తండ్రిగారి అన్నగారి కొడుక్కు క్రిందటేడు 591 వచ్చాయి. ఈయన ఆఫీసులో అందరితోనూ మా అమ్మాయికి 590 దాటతాయని చెప్పుకున్నారు. అదొక్కటే అయితే నేనూ కోప్పడి ఉందును. కాని వేరే చిక్కున్నది. ఫలితాలకు ముందే కాలేజీలవాళ్ళ మనుషులు ఇల్లిల్లూ తిరుగుతారు. వాళ్ళలో ఒకడు, 590 దాటితే హాస్టలుతో సహా ఫీజులో సగం తగ్గిస్తామని వీరికి మాటిచ్చాడట. కాబట్టి ఆ మూడు మార్కులూ ఉత్త పరువు కాదు. ఒక గుమాస్తా ఇంట్లో ఏడాది జీతంలో కొంత భాగం. గర్వానికి ధర కట్టడం మొదలుపెట్టింది తల్లిదండ్రులే అనడం అన్యాయమవుతుంది.

ఆయన నన్ను వాకిట్లోకి పిలిచి మెల్లగా అన్నారు: "టీచరుగారూ, నేను పదో తరగతి ఒకసారి తప్పినవాణ్ణి. మా అన్నయ్య ఎప్పుడూ ఫస్టే. ఇన్నేళ్ళకు మా నాన్నగారి ఫొటో ముందు నిలబడి ఒక మాట చెబుదామనుకున్నాను."

587 కూడా ఫొటో ముందు చెప్పదగ్గ మాటేనన్నాను. ఆయన ఊ అనలేదు.

ఆ పిల్ల గదిలో కూర్చుని ఉన్నది. ఏడవడం లేదు, అదే నాకు నచ్చలేదు. "మామ్మగారూ, ఇంగ్లీషులో ఏడు పోయాయి కదా. అందులో మూడు ఎక్కడ పోయాయో తెలుసుకోవడం కుదురుతుందా?" అని అడిగింది, పోయిన చెవికమ్మ గురించి అడిగినట్టు.

కుదురుతుందన్నాను. కూడిక మాత్రమే సరిచూడమంటే 500 రూపాయలు, మళ్ళీ పరిశీలించి నకలు ఇమ్మంటే 1000 రూపాయలు. వెయ్యీ కట్టారు. కొన్నాళ్ళకు నకలు వచ్చింది, మార్కు మారలేదు. పిల్లా నేనూ కూర్చుని చూశాం. లేఖలో ఒకటి, పేరా చదివి జవాబులు రాసేచోట రెండు, వ్యాకరణంలో కొన్ని. ఒకచోట నేనైతే మరో మార్కు వేసేదాన్ని. ఇంకొకచోట వేసినదాన్లో ఒకటి తీసేసేదాన్ని! ఆ మాట చెప్పేసరికి పిల్ల పకపకా నవ్వింది. ఫలితాలు వచ్చాక ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది. తండ్రిగారు గుమ్మంలో నిలబడి ఆ కాగితాలకేసి చూశారు. ఆయన అంతవరకు కూతురి జవాబు పత్రం ఒక్కటీ చదవలేదట. కుర్చీ లాక్కుని మొదటినుంచి చివరిదాకా చదివారు. "ఇంత ఇంగ్లీషు దీనికి వచ్చునని నాకు తెలియదండీ" అన్నారు.

హాస్టలు మాట అంతటితో పోయిందనుకోకండి. నెలరోజులు వాదించుకున్నారు. పిల్ల ఇంట్లోనే ఉండి చదువుతానన్నది; సగం ఫీజు ఎలాగూ తగ్గదు గనుక తల్లి దాని పక్షం చేరింది. చివరికి ఊళ్ళోనే ఎం.పి.సి.లో చేరి సైకిలు మీద వెళ్ళి వస్తున్నది. పూతరేకులు మాత్రం ఆ నకలు వచ్చిన సాయంత్రమే మాకు రెండు పెట్టెలు అందాయి. కాస్త మెత్తబడ్డాయి గాని రుచికి లోటు లేదు.

క్రిందటి జూన్‌లో ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి రెండోవాడికోసం, తొమ్మిదిలోకి వచ్చాడు. "ఇప్పటినుంచే పదో తరగతి లెక్కలు మొదలుపెట్టించమంటున్నారు టీచరుగారూ. మీరు చెబుతారా?"

లెక్కలు చెబుతాను గాని, వాడికి ఎన్నొస్తాయని నన్ను అడగకూడదు అని షరతు పెట్టాను. ఆవిడ వెంటనే ఒప్పుకుంది. వారం తిరక్కుండానే అడిగింది.