దాత ఉత్తరంలో కామా



కువైట్, సౌదీలలో పనిచేస్తున్న మనవాళ్లు, బెంగళూరు, చెన్నైలలో స్థిరపడినవాళ్లు జకాత్ పంపేటప్పుడు ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసి పంపుతుంటారు. సొమ్ము ఎవరికి చేరాలన్నది ఆ మాటలను బట్టే ఉంటుంది. అందులో ఒక్క కామా చేరితే అర్థం మారిపోతుంది.

‘గివ్ ఇట్ టు ది స్టూడెంట్స్ హూ ఆర్ పూర్’ అని రాస్తే, విద్యార్థుల్లో పేదలకు మాత్రమే ఇవ్వమని. ‘స్టూడెంట్స్’ తర్వాత కామా పెడితే, విద్యార్థులందరికీ ఇవ్వమని. వాళ్లంతా పేదలేనన్నది అదనంగా చెప్పిన మాట అవుతుంది. ఐచ్ఛికంగా ఇచ్చే సదఖా అయితే ఫర్వాలేదు. జకాత్‌కు మాత్రం ఖురాన్ 8 రకాల హక్కుదారులను నిర్ణయించింది. తరగతిలో కలిగినవాళ్ల పిల్లలూ ఉంటే, ఆ కామాను నమ్మి పంచిన జకాత్ అర్హులు కానివారికీ పోతుంది.

ఈ పొరపాటు మనకు రావడానికి కారణం ఉంది. తెలుగులో ‘చిత్తూరులో ఉన్న మా తమ్ముడు’ అంటాం. తమ్ముడు ఒక్కడే అయినా, నలుగురిలో ఒకడైనా మాట అదే. ఇంగ్లీషులో ఆ తేడాను కామా చెబుతుంది. ‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ చిత్తూర్’ అంటే తమ్ముళ్లలో చిత్తూరులో ఉన్నవాడు. ‘మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ చిత్తూర్,’ అంటే ఉన్నది ఒక్క తమ్ముడే, ఊరు అదనపు సమాచారం.

సులువైన పరీక్ష ఒకటుంది. ‘హూ’, ‘విచ్’లతో మొదలయ్యే ముక్కను వేలితో మూసి చదవండి. ఎవరి గురించో, దేని గురించో అప్పటికీ తెలుస్తుంటే కామా పెట్టాలి. తెలియకపోతే పెట్టకూడదు. ‘చంద్రగిరి, విచ్ హాజ్ యాన్ ఓల్డ్ ఫోర్ట్, ఈజ్ నియర్ తిరుపతి’ అన్న వాక్యంలో పేరు చెప్పగానే ఊరు తెలిసిపోయింది, అందుకే కామాలు. ఇలా వాక్యం మధ్యలో వస్తే బ్రాకెట్ల మాదిరి రెండు వైపులా ఉండాలి. చాలామంది రెండోది మరిచిపోతారు. ఇలాంటి చోట ‘దట్’ వాడితే మాత్రం దాని ముందు కామా పెట్టరు.

ఉత్తరమైతే సందేహం వచ్చినప్పుడు ఫోన్ చేసి అడగవచ్చు. వక్ఫ్ దస్తావేజు, వసీయత్ చదివేనాటికి రాసినవారు ఉండకపోవచ్చు. అనుమానముంటే ‘ఓన్లీ ఫర్ పూర్ స్టూడెంట్స్’ అని విడమరిచి రాయండి, లేదా తెలుగులోనో ఉర్దూలోనో వివరంగా రాయండి. మీ నియ్యత్ అల్లాహ్‌కు తెలుసు. పంచేవాళ్లకు తెలిసేది కాగితం మీద ఉన్నదే.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.