యాంజియోగ్రామ్‌కు చిక్కని గుండెజబ్బు

యాంజియోగ్రామ్‌లో అడ్డంకులేమీ లేవంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటాం. మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం, ఆయాసం మాత్రం తగ్గవు. గ్యాస్ అనో, ఆందోళన అనో సరిపెట్టుకుంటాం. ఇలాంటివాళ్లలో కొందరికి జబ్బు ఉండేది గుండె చిన్న రక్తనాళాల్లో.

యాంజియోగ్రామ్‌లో కనిపించేవి ముఖ్యంగా గుండె ఉపరితలంపై పాకే పెద్ద ధమనులు. అర మిల్లీమీటరు కన్నా సన్నని నాళాలు అందులో తేటగా కనపడవు. కండరానికి ఎప్పుడు ఎంత రక్తం అందాలో నిర్ణయించేవి చాలావరకు అవే. పెద్ద కాలువ నిండుగా పారుతున్నా పిల్లకాలువలు పూడితే శివారు పొలాలు ఎండుతాయి కదా, ఇదీ అంతే. శ్రమపడేటప్పుడు ఈ నాళాలు విప్పారి రక్తప్రవాహాన్ని కొన్ని రెట్లు పెంచాలి. షుగరు, బీపీ, పొగతాగడం, ఊబకాయం వాటి లోపొరను దెబ్బతీస్తే ఆ శక్తి సన్నగిల్లుతుంది.

1973లో హార్వే కెంప్ అనే వైద్యుడు ఇలాంటి కేసులను 'సిండ్రోమ్ ఎక్స్' అన్నారు. చాలాకాలం దీన్ని ప్రాణభయం లేనిదిగానే చూశారు. 1996లో అమెరికాలో మహిళలపై మొదలైన 'వైజ్' అధ్యయనం ఆ ధీమాను సడలించింది. పెద్ద అడ్డంకుల్లేని మహిళల్లో సైతం కొందరు తర్వాతి ఏళ్లలో గుండె వైఫల్యంతో ఆస్పత్రుల్లో చేరారు.

గుండె వైఫల్యమంటే పంపింగ్ తగ్గడమొక్కటే కాదు. ఎకోలో పంపింగ్ బాగానే ఉన్నా, కండరం బిగుసుకుపోయి రక్తాన్ని సరిగా నింపుకోలేని రకమూ ఉంది. అలాంటి 202 మందిని పరీక్షించిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 2018లో వెలువడింది. వారిలో 75 శాతం మందికి చిన్న నాళాల లోపం కనిపించింది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇంకా తేలాల్సి ఉన్నా, రెండింటి పొత్తు మాత్రం గట్టిది.

మనకిది పరాయి సంగతి కాదు. దక్షిణాసియా మూలాలుండటాన్నే గుండె ముప్పు పెంచే అంశంగా అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు 2018లో చేర్చాయి. ఆసియన్లు బీఎంఐ 23కు చేరగానే షుగరు పరీక్ష చేయించుకోవాలని అక్కడి మధుమేహ సంఘం చెబుతోంది.

లక్షణాలు వదలకపోతే చిన్న నాళాల పరీక్ష అవసరమా అని కార్డియాలజిస్టును అడగండి. స్ట్రెస్ పెట్ స్కాన్, స్ట్రెస్ ఎంఆర్‌ఐ, లేదా యాంజియోగ్రామ్ సమయంలోనే రక్తప్రవాహాన్ని కొలవడం ఇందుకున్న మార్గాలు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ అదుపు, నడక, పొగ మానడం, తగిన మందులు చికిత్సకు పునాది. పాదాలు వాచినా, పడుకుంటే ఊపిరాడక తలగడలు పెంచాల్సి వచ్చినా ఆలస్యం చేయకండి. ఛాతీనొప్పి ఆగకుండా వస్తే, పాత రిపోర్టు ఏమన్నా సరే, వెంటనే 108కు ఫోన్ చేయండి.