వానచినుకును ఆపే గాలి

వాడరేవు తీరాన కురిసే చినుకు రెండు కిలోమీటర్ల ఎత్తునున్న మబ్బు నుంచి బయలుదేరిందనుకుంటే, దారిలో గాలి అడ్డులేని పక్షంలో, భూమ్యాకర్షణ వల్ల దాని వేగం ప్రతి సెకనుకూ సుమారు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతూ, నేలను చేరేసరికి గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. అటువంటి వాన కింద వరి వెన్ను గాని, వల బాగుచేసుకునే జాలరి గాని నిలవడం అసాధ్యం. కాని అయిదు మిల్లీమీటర్ల పెద్ద చినుకు సైతం సెకనుకు 9 మీటర్ల వేగంతోనే పడుతుంది. సన్నని తుంపర వేగం రెండు మీటర్లే.

పడే వస్తువు వేగం పుంజుకున్నకొద్దీ గాలి దానిని ఎదురొత్తే బలమూ పెరుగుతుంది. ఆ బలం వస్తువు బరువుకు సమానమైన క్షణం నుంచి వేగం ఇక పెరగదు. ఈ స్థిరమైన వేగాన్నే చరమ వేగం అంటారు. కనుక మబ్బు ఎంత ఎత్తున ఉన్నదన్నది కాక, చినుకు ఎంత పెద్దదన్నదే ఇక్కడ ముఖ్యం. గాలి లేని చంద్రునిపై 1971లో అపోలో-15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ జారవిడిచిన సుత్తి, ఈక ఒకేసారి నేలను తాకడానికి కారణం ఈ ఎదురొత్తిడి అక్కడ లేకపోవడమే.

2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో మిచాంగ్ తుపాను తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 కిలోమీటర్లకు పైగా వీచింది. చినుకు కిందికి దిగే వేగం మారకపోయినా, పక్కకు తోసే గాలి దానికి దాదాపు మూడింతల వేగంతో ఉన్నందువల్ల వాన నేలకు సుమారు 20 డిగ్రీల వాలున, ఇంచుమించు అడ్డంగా కొట్టి ఉంటుంది. అటువంటప్పుడు గొడుగు గాని, చూరు గాని కాపాడలేవు.

తెనాలి, రేపల్లె ప్రాంతాల రైతులకు ఈ సూత్రం కళ్లంలో తరతరాలుగా తెలిసినదే. తూర్పార పట్టేటప్పుడు చేటను తలపైకెత్తి, అంచు కొద్దిగా వంచి వడ్లను సన్నని ధారగా జారవిడిస్తే, గట్టి గింజ నేరుగా కాళ్ల దగ్గర రాశిలో పడుతుంది. దాదాపు అంతే పరిమాణం ఉన్నా బరువు తక్కువైన తాలు గింజ నెమ్మదిగా దిగుతూ గాలివాటున కొంత దూరం పోతుంది. పొట్టు ఇంకా అవతల పడుతుంది. కొలబద్ద అవసరం లేకుండానే చరమ వేగాలను వేరుచేసే ఈ పనితనం నిజంగా గొప్పది.

నీటిలోనూ ఇదే జరుగుతుంది. అల లేపిన ఇసుక రేణువు క్షణాల్లో అడుగుకు చేరుతుంది, సన్నని బంకమట్టి రేణువు గంటల తరబడి తేలుతూ లోపలికి కొట్టుకుపోతుంది. వాడరేవు ఒడ్డున ఇసుకే మిగిలి ఉండటానికి ఇదొక కారణం.