కట్టకముందే కూర్చుని లెక్క చూడాలి

మన సంఘాల్లో ఒక యౌవనస్థుడికి మొదటి ఉద్యోగం వచ్చిందంటే ఆ తర్వాతి సంగతులు దాదాపు ఒకే వరుసలో జరుగుతాయి. మొదటి జీతంలో దేవునికి కానుక, అమ్మకు చీర. రెండో నెలలో కొత్త ఫోను. ఆరు నెలలు తిరగకముందే బండి. కాపరిగారు బండి దగ్గర నిలబడి ప్రార్థన చేస్తారు, ఆదివారం ఆ బిడ్డ సాక్ష్యం చెబుతాడు, మనమంతా స్తోత్రం అంటాం. ఇందులో తప్పేమీ లేదు. దేవుడు చేసిన మేలును పదిమందిలో చెప్పుకోవడం మంచిదే. కాకపోతే ఆ బండి మీద అప్పెంత, ఎన్నాళ్లు కట్టాలి, ఒక నెల జీతం ఆగితే ఏం చేస్తావు అని మనలో ఎవరమూ అడగం. అడిగితే అవిశ్వాసపు మాటలా ఉంటుందేమోనని సంకోచం.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ఒక గోపురం సంగతి చెప్పాడు. కట్టాలనుకునేవాడు ముందుగా కూర్చుని, పూర్తి చేయడానికి తన దగ్గర ఉన్నది చాలుతుందో లేదో లెక్క వేసుకుంటాడు. వేసుకోకపోతే పునాది దగ్గరే ఆగిపోయి నలుగురిలో నవ్వులపాలవుతాడు. ప్రభువు ఆ మాట చెప్పింది శిష్యత్వం గురించే. అయితే ఖర్చు లెక్క చూసుకోవడం బుద్ధిగల ఎవరైనా చేసే పని అన్నది ఆ ఉపమానానికి ఆధారం. కాబట్టి లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు. మన భాషలో గోపురాన్నీ కడతాం, వాయిదాలనూ కడతాం. రెండింటికీ సంతకం పెట్టకముందే లెక్క కావాలి. ఆ లెక్క ఎలా చూడాలో యౌవనస్థుల కోసం ఈ వారం వివరంగా రాస్తున్నాం.

రూపాయి వడ్డీ ఎప్పుడు రూపాయి కాదు

మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో కాదు, రూపాయల్లో చెప్పుకుంటాం. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం. బండి షోరూంలో "పన్నెండు శాతమే సార్" అనగానే మనవాళ్లు "రూపాయి వడ్డీయే కదా" అని ఊరట పడతారు. అక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ 12 శాతం ఫ్లాట్ రేటా, తగ్గుతున్న బాకీ మీద వేసే రేటా?

ఒక లెక్క చూద్దాం. బండి ధర అన్నీ కలిపి 1,10,000 రూపాయలు. చేతి నుంచి 20,000 కట్టి మిగిలిన 90,000 మూడేళ్లకు అప్పు తీసుకున్నారు. ఫ్లాట్ 12 శాతమైతే వడ్డీ ఏడాదికి 10,800, మూడేళ్లకు 32,400. మొత్తం 1,22,400 రూపాయలను 36 నెలలకు పంచితే నెలకు 3,400 కట్టాలి.

ఇందులో కిటుకు ఏమిటంటే, ఏడాదిన్నర తర్వాత మీరు అసలులో సగం తీర్చేసినా వడ్డీ మాత్రం పూర్తి 90,000 మీదే పడుతూ ఉంటుంది. ఇంకా మిగిలిన బాకీ మీదే లెక్క కట్టి చూస్తే ఈ అప్పు ఏడాదికి దాదాపు 21 శాతం పడింది. అంటే రూపాయి వడ్డీ కాదు, రూపాయి డెబ్బై అయిదు పైసలు దాటింది. అదే 12 శాతం తగ్గే బాకీ మీద అయితే వాయిదా సుమారు 2,990, మూడేళ్ల వడ్డీ సుమారు 17,600. రెండుచోట్లా చెప్పింది పన్నెండే. తేడా మాత్రం దాదాపు 14,800 రూపాయలు.

ఈ తేడా దాగకూడదనే రిజర్వు బ్యాంకు 2024లో ఒక నియమం తెచ్చింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే వ్యక్తిగత, వాహన, గృహ రుణాలన్నింటికీ బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అనే కాగితం ముందుగా ఇవ్వాలి. ప్రాసెసింగ్ ఫీజు వంటి ఖర్చులన్నీ కలుపుకుని అప్పు ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో "ఏపీఆర్" అనే పేరుతో ఉంటుంది. ఆ కాగితం తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. సంతకానికి ముందు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, లెక్కలు తెలిసిన సంఘ పెద్దకో, బ్యాంకులో పనిచేసే విశ్వాసికో చూపించండి.

వాయిదాను మీకు మీరే ముందు కట్టుకోండి

నెలకు 3,400 కట్టగలమని మీకు నిజంగా నమ్మకముంటే, కొనకముందే ఒక ఏడాది కట్టి చూడండి, షోరూముకు కాదు, మీ పొదుపు ఖాతాకు. పన్నెండు నెలల్లో 40,800 అవుతుంది. ముందున్న 20,000తో కలిపితే 60,800. ధర మారలేదనుకుంటే ఇప్పుడు కావలసిన అప్పు 49,200 మాత్రమే. అదే ఫ్లాట్ 12 శాతానికి ఏడాదిన్నరకు తీసుకున్నా వడ్డీ 8,856, వాయిదా సుమారు 3,225. మొదటి పద్ధతిలో 36 నెలలు కట్టాలి. ఈ పద్ధతిలో ఎదురుచూసిన ఏడాదితో కలిపి 30 నెలలకే బండి మీ సొంతమవుతుంది. వడ్డీలో 23,500 రూపాయలకు పైగా మిగులుతుంది. ధర కాస్త పెరిగినా లాభం మీదే.

దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఆ ఏడాదిలో మూడు నెలలు కట్టలేకపోయారనుకోండి, ఆ వాయిదా మీ జీతానికి మించినదని అప్పులో పడకుండానే తెలిసిపోతుంది. వాయిదా ఒక్కటే ఖర్చు కాదని కూడా గుర్తుంచుకోవాలి. పెట్రోలు, సర్వీసింగ్, ఇన్సూరెన్స్ కలిసి నెలకు మరో 3,000 అయితే, చేతికి 20,000 వచ్చే ఉద్యోగికి బండే దాదాపు మూడో వంతు జీతం తినేస్తుంది.

ఐగుప్తులో యోసేపు సమృద్ధి సంవత్సరాల్లో పంటలో అయిదో వంతు తీసి నిలవ చేయించాడు. కరువు రాకముందే చేశాడు. మొదటి జీతపు రోజులు చాలామందికి అలాంటి సమృద్ధి కాలమే, ఇంటి బాధ్యతలు ఇంకా మీద పడవు కనుక. వీలైతే మీరూ అయిదో వంతు పక్కన పెట్టండి. వీలుకాకపోతే పదో వంతుతో మొదలుపెట్టండి. మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా నిలవ చేరేవరకు ఆ డబ్బును పెద్ద వస్తువుల మీద పెట్టకండి. బ్యాంకు ఖాతా ఉన్నవారికి ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో రెండు లక్షల జీవిత బీమా కేంద్ర ప్రభుత్వ పథకాల కింద దొరుకుతాయి. మొదటిది 18 నుంచి 70 ఏళ్లవారికి, రెండోది 18 నుంచి 50 ఏళ్లవారు చేరవచ్చు. కొత్త ఫోనుకు కవరు కొనేముందు ఇవి తీసుకోవాలి.

క్రెడిట్ కార్డు విషయంలో ఒక్క మాట. బిల్లు మొత్తం గడువులోగా కట్టేవారికి అది సౌకర్యం. బిల్లులో కనిపించే "కనీస మొత్తం" కట్టి ఊరుకునేవారికి మిగిలిన బాకీ మీద సాధారణంగా నెలకు 3 రూపాయలు పైబడిన వడ్డీ పడుతుంది. కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీలేని గడువు పోతుంది. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటే ఉలిక్కిపడే మనం కార్డు మీద దాన్ని గమనించం.

ఒక్క సంతకమే కదా, అన్నా

సంఘంలో ఎక్కువ కుటుంబాలను విడదీసేది సొంత అప్పు కాదు, ఇంకొకరి అప్పుకు పెట్టిన హామీ సంతకం. "ఫార్మాలిటీ మాత్రమే అన్నా, నేను కట్టుకుంటాను కదా" అని అడిగేవాడు తోటి విశ్వాసి అయితే కాదనడం కష్టం. చట్టం మాత్రం దాన్ని ఫార్మాలిటీగా చూడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీ ఉన్నవాడి బాధ్యత కూడా అంతే. అతను కట్టకపోతే మీ క్రెడిట్ స్కోరు కూడా దెబ్బతింటుంది. రేపు మీ ఇంటి రుణానికి అదే అడ్డు.

సామెతల గ్రంథం 6వ అధ్యాయం హామీ ఉన్నవాడిని ఉచ్చులో పడిన జింకతో పోల్చి, నిద్రపోకుండా విడిపించుకోమంటుంది. మరోవైపు పౌలు ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమని ఫిలేమోనుకు రాశాడు, తానే తీరుస్తానని స్వహస్తంతో రాసి ఇచ్చాడు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. తీర్చడానికి సిద్ధపడే పౌలు మాట ఇచ్చాడు. కాబట్టి ఈ మొత్తం నేనే కట్టవలసి వస్తే కట్టగలనా, కట్టినా ఈ సహోదరుణ్ని ప్రేమించగలనా అని అడుగుకోండి. అవునంటే సంతకం పెట్టండి. కాదంటే, చేతనైనంత డబ్బు ఉచితంగా ఇచ్చి సంతకం మానండి. ఆ విధంగా బాకీ రాదు, పగ కూడా మిగలదు.

ఇప్పటికే చిక్కుకున్నవారికి

2020 చివరలో తెలంగాణలో రుణ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు నియమాలు కఠినం చేసింది. రుణ యాప్‌లు మీ ఫోనులోని పేర్ల జాబితాను, ఫోటోలను తాకకూడదు. అయినా దొంగ యాప్‌లు వస్తూనే ఉన్నాయి. బెదిరింపులు వస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేయండి. మనసు కుంగిపోతే టెలిమానస్ 14416 ఉంది. ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్ దగ్గరకు మాత్రం వెళ్లకండి.

రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలోని విధవరాలు అప్పులవాడు కొడుకులను తీసుకుపోతాడన్న స్థితిలో ఎలీషా దగ్గరకు వచ్చి ఉన్న సంగతి చెప్పింది. నూనె విస్తరించాక ప్రవక్త ఆమెకు ఒక వరుస చెప్పాడు. ముందు నూనె అమ్మాలి, తర్వాత అప్పు తీర్చాలి, మిగిలినదానితో బతకాలి. మీరూ అన్ని అప్పులూ ఒక కాగితం మీద రాయండి. ఎక్కువ వడ్డీ ఉన్నదాన్ని ముందు తీర్చండి. వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి. అన్నిటికంటే ముందు భార్యకో భర్తకో, తల్లిదండ్రులకో చెప్పండి.

సంఘం చేయగలిగినవి

కాపరులకు, పెద్దలకు ఒక మనవి. పెళ్లికి ముందు ఇచ్చే ఉపదేశంలో ఇద్దరూ తమ అప్పులు ఒకరికొకరు చెప్పుకున్నారో లేదో అడగండి. అప్పు తెచ్చి వేసిన పందిరి కన్నా, గుడిలో ప్రార్థన తర్వాత పెట్టిన సాదా భోజనాన్ని మెచ్చుకోండి. పెద్దల ఇంటి పెళ్లితోనే అది మొదలైతే మిగిలినవారికి ధైర్యం వస్తుంది. అప్పు చేసి కానుక ఇవ్వవద్దని కూడా వేదిక మీద నుంచే చెప్పండి. ఇచ్చేది ఉన్నదాన్ని బట్టి అంగీకరింపబడుతుందనీ, లేనిదాన్ని బట్టి కాదనీ పౌలే కొరింథీయులకు రాశాడు.

అలాగే బండి కొన్నందుకు సాక్ష్యం చెప్పేవారితో పాటు, ఈ నెల ఆఖరి వాయిదా తీర్చినవారిని, ఇంకో ఏడాది ఆగి కొందామనుకుని బస్సులో వస్తున్నవారిని కూడా లేచి నిలబడమని పిలవండి. స్తోత్రం వారికీ చెబుదాం.