అద్దం బద్దలుకొట్టే రొయ్య
ఇంట్లో పెంచాలంటే నీరు, గూడు, ఓపిక మూడూ కావాలి

కాకినాడ: తెల్లవారుజామున కుంభాభిషేకం రేవుకు సోనా బోటు చేరగానే సరుకు గంపలకెత్తి ఒడ్డున దించుతారు. చందువ ఒక పక్క, వంజరం ఒక పక్క, టైగరు రొయ్య ఇంకో పక్క. పేరున్న సరుకంతా పోగా మిగిలింది చెత్త చేప కింద ఒకే కుప్ప. ఎండబెట్టి కోళ్ల మేతకూ, చేపల మేతకూ తోలేది ఆ కుప్పనే. అందులో చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం ఆడవాళ్లు ఒక్క క్షణం చూసుకుని మరీ పెడతారు. కారణం జానెడు పొడవున చదునుగా, జెర్రిలా కణుపులు కణుపులుగా ఉండే ఓ రొయ్య.

"ఒట్టి సేత్తో అట్టుకోకు బాబూ, తోకతో కోసేద్ది" అని సరుకు ఏరుతున్న ఒక ముసలామె ఈ విలేకరిని హెచ్చరించింది. ఆమె మాట నిజమే. దాని తోక చుట్టూ ముళ్లు, ముందుకాళ్లకు రంపం పళ్లు ఉన్నాయి.

ఇంగ్లీషులో దీన్ని మాంటిస్ ష్రింప్ అంటారు. మాంటిస్ అంటే గొల్లభామ పురుగు. చెట్టు కొమ్మ మీద గొల్లభామ ముందుకాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టే ఇదీ ముందుకాళ్లు ముడుచుకుని బొరియ వాకిట్లో కాపు వేస్తుంది. అందువల్ల దీన్ని గొల్లభామ రొయ్య అని పిలుచుకుందాం. పేరుకు రొయ్యే గాని అసలు రొయ్యల కుటుంబం వేరు, దీని కుటుంబం వేరు.

మన రేవులో కుప్పలో పడివుండే ఈ ప్రాణికి అమెరికాలోనూ, ఐరోపా దేశాల్లోనూ అద్దాల తొట్టెలు కట్టి, లైట్లు పెట్టి, దీనికి మాత్రమే ఒక తొట్టె కేటాయించి పెంచుకునేవాళ్లు ఉన్నారు. ఈ సంగతి తెలిసిన ఒక యువకుడు తానూ పెంచి చూద్దామనుకున్నాడు. పేరు వేయవద్దన్నాడు. రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే ఇతనికి నీటి పరీక్షలు కొత్తేమీ కాదు. అయినా రెండుసార్లు చేసిన ప్రయత్నం రెండుసార్లూ చెడింది. ఎందుకు చెడిందో తెలుసుకుంటే ఈ జీవి సంగతి సగం తెలిసినట్టే.

గుద్దేవి, గుచ్చేవి

గొల్లభామ రొయ్యల్లో 400కు పైగా రకాలు ఉన్నాయి. వేటాడే తీరును బట్టి వీటిని రెండు జట్లుగా చెబుతారు. మొదటి జట్టు గుద్దేవి. వీటి ముందుకాలి చివర సుత్తిలాంటి గట్టి బుడిపె ఉంటుంది. నత్తను, పీతను, ఆల్చిప్పను దానితో కొట్టి పగలగొట్టి లోపలి మాంసం తింటాయి. రెండవ జట్టు గుచ్చేవి. వీటి కాళ్లకు ముళ్లు ఉంటాయి. పక్కగా పోయే చేపనో, చిన్న రొయ్యనో ఒక్క ఊపులో పొడిచి లోపలికి లాక్కుంటాయి. మన ట్రాలు వలల్లో పడేవి చాలావరకు గుచ్చే జట్టువే. వీటిలో అడుగు పొడవు పెరిగే రకమూ బంగాళాఖాతంలో ఉంది.

తొట్టెల్లో పెంచేవాళ్లు ఎక్కువగా కోరుకునేది గుద్దే జట్టులోని నెమలి రకాన్ని. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్రటి కాళ్లు, ముందు పక్క చిరుతపులి మచ్చలు. 18 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. హిందూ మహాసముద్రం నుంచి పశ్చిమ పసిఫిక్ వరకు పగడపు దిబ్బల పక్కన, గులకరాళ్ల నేలలో బొరియ చేసుకుని బతుకుతుంది.

దీని దెబ్బను అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన షీలా పాటెక్, రాయ్ కాల్డ్‌వెల్ తదితరులు వేగంగా తీసే కెమెరాలతో కొలిచి 2004లో ప్రకటించారు. కాలు దూసుకువచ్చే వేగం సెకనుకు 23 మీటర్ల వరకు ఉంది. అంటే నీళ్లలోనే గంటకు 80 కిలోమీటర్లకు పైమాట. ఉత్త కండబలంతో అంత వేగం రాదు. విల్లు ఎక్కుపెట్టినట్టు కాలిలోని ఒక స్ప్రింగును ముందే బిగించి, గడియ వేసి ఉంచుకుంటుంది. గడియ వదలగానే కాలు దూసుకుపోతుంది. ఆ వేగానికి నీటిలో బుడగ పుట్టి, పుట్టిన మరుక్షణమే చితుకుతుంది. ఆ చితికిన బుడగ రెండవ దెబ్బ. పెద్ద రొయ్య కొట్టే దెబ్బ బలం దాదాపు 150 కిలోల బరువు మోపినంత ఉంటుందని 2005లో లెక్కకట్టారు.

ఇంగ్లండులోని గ్రేట్ యార్మౌత్ అనే ఊళ్లో జనం చూడడానికి సముద్ర జీవులను ఉంచే ప్రదర్శనశాల ఉంది. 1998లో అక్కడి గొల్లభామ రొయ్య ఒకటి పావు అంగుళం మందం ఉన్న అద్దాన్ని పగలగొట్టింది. బాక్సింగు వీరుడి పేరు మీద దానికి టైసన్ అని పేరు పెట్టారు. ఇలాంటివి రోజూ జరగవు గాని, పెద్ద గుద్దుడు రొయ్యను పెంచేవాళ్లు మాత్రం మందపాటి అద్దాన్నో, అంత తేలిగ్గా పగలని అక్రిలిక్ పలకనో వాడతారు. చేత్తో ముట్టుకోరు. వేలు చీరుతుందని వాళ్లకు తెలుసు.

నీరు కుదరకపోతే అన్నీ వ్యర్థమే

ఆ యువకుడు మొదటిసారి తెచ్చింది ట్రాలు వలలో పడిన రొయ్యను. గంటల తరబడి వలలో నలిగిన ప్రాణి అది. బీచి దగ్గర రెండు టిన్నుల నీళ్లు పట్టుకువచ్చి, గాజు తొట్టెలో పోసి, గాలి మోటారు పెట్టి, చేపముక్క వేశాడు. మూడవ రోజుకు నీళ్లు కంపు కొట్టాయి. రొయ్య వెల్లకిలా పడింది.

"చెరువులో అమ్మోనియా పెరిగితే రాత్రికి రాత్రి రైతును లేపి చెబుతాను. ఇంట్లో తొట్టెలో మాత్రం చూసుకోలేదు" అని అతను ఒప్పుకున్నాడు.

జరిగింది ఇదే. తిని వదిలిన చేపముక్క కుళ్లినా, రొయ్య విసర్జించినా అమ్మోనియా పుడుతుంది. దాన్ని ఒక జాతి సూక్ష్మజీవులు నైట్రైటుగా, మరో జాతి సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ విషం. మూడవదానితో అంత ప్రమాదం లేదు. కొత్త తొట్టెలో ఆ సూక్ష్మజీవులు ఇసుకకూ, రాళ్లకూ, ఫిల్టరుకూ పట్టి నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుచేత తెలిసినవాళ్లు ముందు నీళ్లు సిద్ధం చేస్తారు. అమ్మోనియా, నైట్రైటు సున్నాకు వచ్చాకనే ప్రాణిని తెస్తారు. ఆపైన కూడా వారం రెండు వారాలకోసారి కొంత నీరు తీసి కొత్త నీరు పోస్తారు.

ఉప్పు సంగతీ అంతే. నడిసముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 పీపీటీ. మన తీరంలో గోదావరి వరద కలిసే రోజుల్లో ఒడ్డు నీటిలో అది బాగా తగ్గిపోతుంది. వరద కాలంలో టిన్నుతో పట్టుకువచ్చిన నీరు సముద్రపు నీరే అయినా సముద్రమంత ఉప్పు ఉండదు. ఇంట్లో తొట్టె నీరు ఆవిరై తగ్గినప్పుడు ఉప్పు నీరు పోయకూడదు. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కదా. కనుక క్లోరిన్ లేని మంచినీటితోనే మట్టం సరిచేయాలి.

ఇంకొక జాగ్రత్త ఉంది. చేపల రోగాలకు వాడే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. మైలుతుత్తం కూడా రాగి లవణమే. చేప తట్టుకునే మోతాదు కూడా రొయ్య, పీత జాతులను చంపగలదు. అలాంటి మందు ఎన్నడైనా వాడిన తొట్టెను దీనికి వాడకపోవడమే మేలు.

గూడు లేకపోతే కుదురు లేదు

నెమలి రకం ఒక్కదానికి కనీసం 100 లీటర్ల తొట్టె కావాలి. అంటే మనం నీళ్లు పట్టే పెద్ద డ్రమ్ములో సగం. అడుగున ఇసుక, చిన్నరాళ్లు పరిచి, అందులో ప్లాస్టిక్ గొట్టం ముక్క పాతిపెడతారు. గొట్టం దాని ఒంటి పొడవుకు రెండు మూడింతలు ఉండాలి. లోపల మడతపడి వెనక్కి తిరిగేంత వెడల్పు ఉండాలి. దాక్కునే చోటు లేకపోతే ఈ జీవి బెదిరి తిండి మానేస్తుంది. గూడు దొరికితే ధైర్యం చిక్కుతుంది. మూతి బయటపెట్టి రెండు కళ్లనూ దేనికది వేరుగా తిప్పుతూ వచ్చేపోయేవాళ్లను గమనిస్తుంది. మనిషి కంట్లో రంగులు గుర్తించే కణాలు 3 రకాలైతే, వీటిలో పలు జాతుల కంట్లో 12 రకాలు ఉన్నాయి.

గుద్దే రకానికి నత్తలు, చిన్న పీతలు, ఆల్చిప్పలు వేస్తారు. గుచ్చే రకానికి రొయ్య, చేపముక్క. వారానికి రెండు మూడుసార్లు వేస్తే సరిపోతుంది. తినగా మిగిలింది వెంటనే తీసేయాలి. తొట్టెలో వేరే చేపను వేస్తే అదీ తిండి కిందే లెక్క. పగడపు రాయి సందులో దాక్కుని, తెలియకుండా ఇంటికి చేరిన చిన్న గొల్లభామ రొయ్యలు కూడా ఉన్నాయి. రాత్రిపూట తొట్టెలో టక్కు టక్కుమని చప్పుడు, రోజుకొక చేప మాయం. అప్పుడు గాని ఇంటివాళ్లకు దొంగ ఎవరో తెలియదు.

పగడపు దిబ్బల ఇసుకలో ఉండే ఒక గుచ్చే రకం దాదాపు 40 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఉన్నవాటిలో పెద్దది అదే. ఆడా మగా జంటగా ఒకే బొరియలో ఏళ్ల తరబడి కాపురం ఉంటాయి. వాకిట్లో కాపు వేసి ఎక్కువగా వేటాడేది మగది. వాటి బొరియ మీటర్ల కొద్దీ పొడవు ఉంటుంది. అంత ఇల్లు ఏ తొట్టెలోనూ కట్టలేం. కనుక వీటిని పెంచాలనుకునేవారు కొనేముందే ఆలోచించుకోవాలి.

గుల్ల విడిచే వేళ

రెండవసారి ఆ యువకుడు జాగ్రత్తపడ్డాడు. నెల రోజులు నీళ్లు సిద్ధం చేశాడు. అలివి వలలో పడిన, దెబ్బ తగలని రొయ్యను ఎంచి తెచ్చాడు. గొట్టం పెట్టాడు. అది తిన్నది, తిరిగింది. సాయంత్రాలు వీధి పిల్లలు చూడడానికి వచ్చేవారు. పంతొమ్మిదవ రోజున అది బయటకు రాలేదు. గొట్టం మూతికి ఇసుక, రాళ్లు అడ్డం పెట్టి ఉన్నాయి. మరో రెండు రోజులు చూశాడు. చచ్చిపోయి కుళ్లుతోందేమో, నీళ్లు మళ్లీ పాడవుతాయేమో అని గొట్టం పైకి తీసి దులిపాడు.

లోపల నుంచి రెండు పడ్డాయి. ఒకటి ఖాళీ గుల్ల. రెండవది మెత్తగా, తెల్లగా, కదులుతున్న రొయ్య. మర్నాటికి అది చచ్చిపోయింది.

ఎదిగిన గొల్లభామ రొయ్య కొన్ని నెలలకోసారి గుల్ల విడుస్తుంది. ఆ సమయంలో ఒళ్లు మెత్తగా ఉంటుంది, ఆయుధం పనిచేయదు. అందుకే ముందుగానే వాకిలి మూసుకుని, తిండి మాని, లోపల పడుకుంటుంది. కొత్త గుల్ల గట్టిపడడానికి రోజులు పడుతుంది. అంతవరకు కదిలించకూడదు. వాకిలి మూసుకుంటే చచ్చిందని కాదు, పెరుగుతోందని అర్థం.

"చెరువులో గుల్ల విడిచే రోజుల్లో వల వేయొద్దని పదిమందికి చెప్పేవాణ్ణి నేనే. ఆ రోజు మాత్రం గుర్తు రాలేదు" అన్నాడతను. తొట్టె ఇప్పుడు ఖాళీగా ఉంది. పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తోచడం లేదన్నాడు.

మన రేవుకు పనికివచ్చే మాట

ఆ యువకుడికి మొదట్లో ఇంకో ఆశ కూడా ఉంది. మన వలల్లో పడేవాటిని తొట్టెల వ్యాపారులకు అమ్మవచ్చని. అది కుదిరే పని కాదు. వాళ్లు కోరే నెమలి రకం ఉండేది పగడపు దిబ్బల దగ్గర. మన వలల్లో పడేవి బురద నేల రకాలు. పైగా పగడపు దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. తొట్టెలో అందానికని వాటిని తవ్వినా, అమ్మినా, కొన్నా నేరమే.

అయితే తిండిగా వీటికి విలువ ఉన్నమాట నిజం. జపాను, చైనా, వియత్నాం దేశాల్లోనూ, ఇటలీలో వెనిస్ పక్కనా వీటిని ఇష్టంగా తింటారు. ఇండోనేసియాలోని సుమత్రా దీవిలో జాంబీ తీరపు జాలరులు పెద్ద రకాన్ని ప్రాణంతో పట్టి హాంకాంగు, తైవాన్ వంటి చోట్లకు పంపుతారు. మన సముద్రంలోని అడుగు పొడవు రకమూ అదే. ప్రాణంతో ఉంటేనే దానికి ధర. చచ్చిన తరువాత మాంసం త్వరగా మెత్తబడుతుంది. కుప్పలో పోసినది మేతకే పోతుంది.

కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, విశాఖపట్నంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. పెద్ద రకాన్ని దెబ్బ తగలకుండా వల నుంచి తీసి, విడివిడిగా ప్రాణంతో ఒడ్డుకు చేర్చే పద్ధతి ఒకటి చూపిస్తే చెత్త కుప్పలో కొంతైనా సరుకు అవుతుంది. ఆ చిన్న ఆదాయం కుప్ప ఏరుకుని బతికే ఆడవాళ్లకు చేరితే అంతకంటే కావలసింది లేదు.

ఇక ఇంట్లో పెంచాలనే సరదా ఉన్నవారు ముందు నెల రోజులు ఉత్త నీళ్లనే పెంచాలి. అది చేయగలిగినవారే తరువాతి మాట ఆలోచించాలి.